మూడు ఆదివారాల సినిమా

సత్యనారాయణపేట, బళ్లారి

తబితా సిస్టరుకు, మిషన్ బడిలో నీ వెనక బెంచీ జాబెజ్ వందనాలు.

పాస్టరయ్య గొంతుతో ఫోన్ చేసి ఉపవాసం ఉండమన్నానని నా నంబరు బ్లాక్ చేస్తివి. అందుకే స్టాంపు అంటించాల్సి వచ్చె.

నిన్న మ్యాట్నీకి పోయింటి. బడిపిల్లల ప్రేమ. మన కాలంలో పుస్తకాలు కింద పడితే పాట వచ్చేది. ఇంటర్ చదివే హీరోకు మా పెదనాయన వయసు. తర్వాత కాలేజీ క్యాంటీను, గ్రీటింగ్ కార్డులు. ఇప్పుడు ఫోన్లో టిక్కు నీలమైతే కన్నీళ్లు. ఏ కాలంలోనూ హీరో పక్క సీటు మాత్రం ఖాళీ ఉండదు. నా పక్కన నా చేతిసంచి కూర్చునింది.

ఇట్లు, జాబెజ్

తా.క.: నాకు పెళ్లి కుదిరింది. మన చర్చి గుడిలో పెళ్లికి ముందర మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరం ఉందా అని అడుగుతారు గదా, వచ్చే వారం మొదటిది. పిల్ల ఎవరని అడగొద్దు.

*

కూరెకుప్ప

జాబెజప్పకు తబితా రాసేది.

సంతోషం. యాభై దాటినాక తీరిక దొరికిందా? సినిమాల్లో ఆఖర్లో పెళ్లి ఆపనీకి ఒకరు పరిగెత్తుకుంటా వస్తారు. నాకు మోకాళ్ల నొప్పి, రాలేను. మా స్త్రీల సమాజం నీకని స్టీలు డబ్బా కొనింది. సమాజం పెద్ద దీనమ్మక్క మీ పాస్టరయ్యకు ఫోన్ చేసి శుభాకాంక్షలు కూడా చెప్పేసింది.

మా ఆయన పోయినాక ఈ ఇంట్లో టీవీ ఒకటే మాట్లాడతా ఉండాది. నిన్న దాంట్లోనూ ఎవరిదో పెళ్లి. ఆపేసినా.

ఉంటాను, తబితా

తా.క.: బడిలో నా సైకిలు గాలి తీసేదీ నువ్వే, పంపు తెచ్చేదీ నువ్వే. ఆ పిల్లకన్నా అట్ల చేయొద్దు.

*

తబితా సిస్టరూ, మునిగితిని!

అది తమాషాకు రాసింటి. నువ్వు కోపంగా ఒక ఉత్తరం రాస్తావని ఆశ, అంతే. పాస్టరయ్య వాకిట్లోకొచ్చి, "ఏమప్పా, నిజమైతే శనివారం లోపల పిల్ల పేరియ్యి. ఎకసెక్కమైతే ఆదివారం అందరి ముందర నిలబడి చెప్పు" అన్నాడు.

డబ్బా వచ్చింది, మూత లేకుండా. బియ్యం పోస్తే బల్లి పడింది. సినిమా హీరోకు నలుగురు ఫ్రెండ్స్ ఉంటారు. నాకు బల్లి ఉండాది.

నిలబడతాలే. నవ్వుతారు, అలవాటే. ఇంటికొచ్చి చెప్పుకోనీకే ఎవరూ లేరు.

నవ్వులపాలైన జాబెజ్

తా.క.: పంపు కొట్టేంతసేపు నీ పక్కన నిలబడొచ్చని గాలి తీసేవాణ్ణి. ఈ సీను ఏ సినిమావానికీ ఇంకా తట్టలే.

*

జాబెజప్పా,

నిలబడొద్దు. మీ పాస్టరయ్యకు ఫోన్ చేసి నేనే పిల్ల పేరిచ్చినా: తబితా, కూరెకుప్ప సంఘం.

"ఇదీ వాని ఎకసెక్కమేనామ్మా?" అన్నాడు.

"కాదయ్యా, ఇది నాది" అన్నా.

అభ్యంతరముంటే నీకు మూడు ఆదివారాలు టైముంది. లేకుంటే సిస్టరనడం మానుకో. గుడిలో ఆడోళ్లు ఒక పక్క, మగోళ్లు ఒక పక్క. సినిమాహాల్లో ఆ రూలు లేదు. సంచి ఒళ్లో పెట్టుకో.

ఫోన్ బ్లాకు ఇప్పుడే తీయను. ఉత్తరాలైతే మళ్లీ చదువుకోవచ్చు.

నీ ముందు బెంచీ తబితా

తా.క.: నీ పెళ్లి కబురు నేను మొదలే నమ్మలే. దీనమ్మక్కతో ఫోన్ చేయించింది నేనే. డబ్బా మూత నా దగ్గరే ఉండాది.