అసద్ బర్రా

బురైదా, సౌదీ, 1992, శుక్రవారం

పోయినేడు గల్ఫ్ యుద్ధంలో సైరన్ మోగిన రాత్రుల్లో కూడా నేనింత భయపడలేదు.

రోజూ పొద్దున మా క్యాంపు వాచ్‌మన్ "అసద్ బర్రా" అని అరుస్తాడు. డ్రైవర్ అసద్ బండి తెచ్చి బయట ఉన్నాడని దానర్థం. అది వినగానే పరుగెత్తడమే మాకు వచ్చిన అరబ్బీ.

ఈ రోజు సెలవు కదా, ఆఫ్రికా జంతువులను చూసి రమ్మని మా కఫీల్, అంటే మమ్మల్ని పనికి పెట్టుకున్న యజమాని, మమ్మల్ని తన తోటకు పంపాడు. అసద్ మమ్మల్ని గేటు దగ్గర దింపి నమాజుకు వెళ్లాడు. సూడాన్ కాపలాదారు జీపులో తిప్పాడు. ఇసుకలో తవ్విన చెరువులు, ఎండుగడ్డి, జీబ్రాలు. రెండో చెరువు దగ్గర జీపు ఆపాడో లేదో అతని వైర్‌లెస్ గరగరలాడింది. "అసద్ బర్రా!" అని అరిచాడు.

"అసదన్న అప్పుడే వచ్చిండా? నడు బావా," అంటూ నా బామ్మర్ది మల్లేశం దిగేశాడు. నేనూ చెప్పులు వెతుక్కుంటున్నాను. అవతలి గట్టున జీబ్రాలన్నీ ఒక్కసారిగా తలెత్తి మా వెనక్కి చూశాయి. సూడానీ మల్లేశం కాలర్ పట్టి లోపలికి లాగి తలుపు వేశాడు. కంచె దాటి వచ్చిన సింహం ఆ తలుపును రాసుకుంటూ నీళ్లకు పోయింది.

అరబ్బీలో అసద్ అంటే సింహమట.

వీణ్ని ఇక్కడికి రప్పించింది నేను. జరగరానిది జరిగితే మా ఇంటిదానికి ఏమని రాసేవాణ్ని?

మల్లేశం అన్నం ముట్టలేదు. "రేపు డ్యూటీకి ఎట్ల బావా?" అని అడిగి అటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారితే వాచ్‌మన్ మళ్లీ అదే మాట అరుస్తాడు. తలుపు ఎవరు తీయాలి?