కాలవగట్టు వీధి పదకొండు కుక్కలు

నేరేడులంక,
3-6-1981

కాలవగట్టు వీధిలో ఉంటున్న రిటైర్డ్ టీచరు శ్రీమతి హన్నా గారికి, నేరేడులంక పంచాయతీ కార్యనిర్వహణాధికారి సత్యనారాయణమూర్తి నమస్కరించి వ్రాయునది.

అమ్మా,

నిన్న మీరు ఆఫీసుకి వచ్చి దండోరా సంగతి నోటితో అడిగారు. నోటి మాటకి నోటి జవాబు చెబితే రికార్డు ఉండదు. అందుకని ఈ ఉత్తరం.

పంచాయతీ తీర్మానం ప్రకారం, కుక్కకు అన్నం పెట్టే ప్రతి ఇంటివారూ పదిహేను రోజుల్లోగా దరఖాస్తు పెట్టి లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సు ఉన్న కుక్కకి ఇత్తడి బిళ్ల ఇస్తాం. బిళ్లలు ఇంకా తయారై రాలేదు. లైసెన్సు లేని కుక్కల్ని పట్నం నుంచి వచ్చే స్క్వాడు తొలగిస్తుంది. తొలగించడమంటే ఏమిటని దండోరా వేసిన ముత్యాలుని మీరు నిలదీశారట. చంపడమే. ఆ మాట నోటీసులో రాయడం బాగుండదని రాయలేదు.

ఇట్లు,
మీ విధేయుడు,
సత్యనారాయణమూర్తి

తా.క.: ఆఫీసుకీ మీ ఇంటికీ మధ్య నాలుగిళ్లే అయినా ఈ ఉత్తరం పోస్టులోనే వస్తుంది. అమలాపురం వెళ్లి రావాలి కాబట్టి మూడు రోజులు పడుతుంది. కంగారు పడవద్దు.

*

కాలవగట్టు వీధి,
8-6-1981

ఆఫీసరు సత్యనారాయణమూర్తి గారికి హన్నా టీచరు వందనాలు.

మీ ఉత్తరం అందింది. దరఖాస్తు జతచేశాను. నేను ముప్ఫై నాలుగేళ్లు పిల్లల చేత ఖాళీలు పూరింపించినదాన్ని కాబట్టి ఏ గడీ వదల్లేదు.

కుక్క పేరు: మోషే. రెండేళ్ల క్రితం వరదలో కొబ్బరి పీచు డొక్కల కుప్ప మీద కూర్చుని కాలవలో కొట్టుకొచ్చింది. బైబిల్లో మోషే లాగా నీళ్లలో దొరికినవాడికి ఆ పేరు కాక ఇంకేం పెడతాం. రంగు: గోధుమ. గుర్తు: ఎడమ చెవి చిరిగింది. చేసే పని అని మీరు అడగలేదు గానీ చెబుతాను. నాకు కళ్లు మసకేశాయి. ఆదివారం ప్రార్థనకి గుడికి వెళ్లాలంటే పంట బోదె మీద తాటి దుంగ దాటాలి. మోషే ముందు నడుస్తాడు, వాడి తోక చూసుకుంటూ నేను దాటుతాను. వాడు లేని రోజు నేను ఇల్లు కదలను.

ఉంటాను,
హన్నా

తా.క.: ఉత్తరం మీద నాలుగిళ్ల దూరానికి స్టాంపు అంటించాను. మా ఇంటి అరుగు మీంచి చూస్తే మీరు కుర్చీలో కూర్చున్నట్టు లీలగా కనబడుతూనే ఉన్నారు.

*

నేరేడులంక,
12-6-1981

శ్రీమతి హన్నా గారికి సత్యనారాయణమూర్తి నమస్కారాలు.

అమ్మా,

మీకు ఏడో నంబరు లైసెన్సు మంజూరు అయింది. అభినందనలు. మీ ఒక్క వీధి నుంచే పదకొండు దరఖాస్తులు వచ్చాయి. నా సర్వీసులో ఇంత క్రమశిక్షణ గల వీధిని చూడలేదు. పదకొండు కుక్కలూ మగవే, పదకొండూ గోధుమరంగువే, పదకొండింటికీ ఎడమ చెవే చిరిగింది. ఒకే తల్లి పిల్లలై ఉంటాయని రిజిస్టరులో రాశాను. చెవి చిరగడం వంశపారంపర్యంగా వస్తుందా అని పశువుల డాక్టరు గారికి రాశాను. జవాబు రావాలి.

అయితే ఒక చిక్కు వచ్చింది. తీర్మానం ప్రకారం ఒక వీధిలో ఐదు కుక్కల కంటే ఎక్కువ ఉండకూడదు. కాబట్టి ఈ నెల 26న స్క్వాడు వచ్చి ఆరింటిని తొలగిస్తుంది. ఏ ఆరు అనేది వీధివారే కూర్చుని, గొడవ పడకుండా, జాబితా రాసి పంపగలరు. ఈలోగా 18న సాయంత్రం నాలుగు గంటలకి నేను ఇంటింటి తనిఖీకి వస్తాను.

ఇట్లు,
సత్యనారాయణమూర్తి

తా.క.: జాబితాలో కుక్కల పేర్లు అక్షరక్రమంలో ఉంటే సౌకర్యం.

*

కాలవగట్టు వీధి,
15-6-1981

ఆఫీసరు గారికి హన్నా టీచరు వందనాలు.

బాబూ, ఈ వీధిలో పదకొండు కుక్కలు లేవు. ఉన్నది ఒక్కటే.

పొద్దున్నే సుబ్బాయమ్మ గారింట్లో చద్దన్నం తింటుంది. అక్కడ దాని పేరు భీముడు. తర్వాత కొండబాబు గారి కళ్లంలో ఎండబెట్టిన కొబ్బరి మీద వాలే కాకుల్ని తోలి, వాళ్లింట్లో తింటుంది. అక్కడ టైగరు. ఆ తర్వాత నా దగ్గర. ఇలా వరసగా పదకొండు గడపలు. శనివారం మాత్రం ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియదు. ఆదివారం ప్రార్థన వేళకి వచ్చి నా గుమ్మంలో నిలబడుతుంది.

మరి పదకొండు దరఖాస్తులు ఎందుకు పెట్టారని మీరు అడుగుతారు. అన్నం పెట్టే ప్రతి ఇంటివారూ అని రాసింది మీరే. పెట్టేవాళ్లు పెట్టామని రాశారు. ఒక్క దరఖాస్తు చాలు కదా అని నేను సుబ్బాయమ్మ గారితో అన్నాను. ఆవిడ ఏమన్నారో రాస్తున్నాను: "ఆయ్, మేం రాయకపోతే ఆ ఇంట్లో కుక్కకి మెతుకు కూడా పెట్టరనుకోరాండీ ఆఫీసరు గారు? అంత లేనోళ్లమాండీ మేము?" మిగతా తొమ్మిది ఇళ్లవాళ్లూ ఇదే మాట అన్నారు.

కాబట్టి జాబితా పంపడం లేదు. ఆరింటిని తొలగించాలని మొదటిదాన్ని పట్టుకోగానే పదకొండూ పోతాయి. నాకు భయంగా ఉంది. దయచేసి స్క్వాడుని రావద్దని రాయండి.

ఉంటాను,
హన్నా

తా.క.: ఒకే తల్లి పిల్లలని మీరు రాసింది తప్పని అనలేను. ఒకే తల్లికి పుట్టిన ఒకే పిల్ల.

*

నేరేడులంక,
19-6-1981

శ్రీమతి హన్నా గారికి సత్యనారాయణమూర్తి నమస్కారాలు.

అమ్మా,

మీ ఉత్తరం తనిఖీ రోజు పొద్దున్నే అందింది. అది మనసులో పెట్టుకునే వీధికి వచ్చాను. తెరిచిన కళ్లతో చూశాను. సుబ్బాయమ్మ గారింట్లో కుక్క ఉంది. కొండబాబు గారింట్లో కుక్క ఉంది. మీ ఇంట్లో ఉంది. పదకొండిళ్లలోనూ ఉంది. ఏ ఇంట్లోనూ లేదన్న మాట వినబడలేదు. ఒకే కుక్క అయితే ఏదో ఒక ఇంట్లోనైనా లేకుండా ఉండాలి కదా.

పైగా తేడాలు కూడా గమనించాను. మొదటి ఇంటి కుక్క సన్నగా, చురుగ్గా ఉంది. ఇళ్లు మారేకొద్దీ కుక్కలు లావుగా ఉన్నాయి. చివరి ఇంటి కుక్క లేవలేకపోయింది. మీ వీధికి తూర్పు కొసన పోషణ బాగుందని రిపోర్టులో రాశాను.

మీకు మోషే మీద ఎంత ప్రేమ ఉందో నాకు అర్థమైంది. ఆ ప్రేమతోనే ఇలా రాశారని అనుకుంటున్నాను, తప్పు పట్టను. కానీ ఇచ్చిన లైసెన్సు రద్దు చేయాలంటే కుక్క చనిపోయినట్టు పశువుల డాక్టరు గారి సర్టిఫికెట్ కావాలి. మీరు చెప్పేది నిజమైతే పది శవాలు చూపించాలి. స్క్వాడు 26న వస్తుంది.

ఇట్లు,
సత్యనారాయణమూర్తి

తా.క.: పదకొండిళ్లలోనూ మజ్జిగ ఇచ్చారు. వద్దంటే బాగుండదని తాగాను. రిపోర్టు అదే రోజు రాయలేకపోవడానికి కారణం అది.

రెండో తా.క.: పదకొండు కుక్కలూ నన్ను చూడగానే తోక ఊపాయి. కొత్తవాళ్లని చూసి మొరగని కుక్కల వల్ల వీధికి ఏం రక్షణో ఆలోచించగలరు.

*

కాలవగట్టు వీధి,
22-6-1981

ఆఫీసరు గారికి హన్నా టీచరు వందనాలు.

బాబూ, మీరు నాలుగింటికి వస్తానని ముందే రాశారు. ఆఫీసరు గారు వచ్చిన వేళ కుక్క కనబడకపోతే పరువు పోతుందని పదకొండిళ్లవాళ్లూ తలా ఒక వంట చేసి పెట్టుకున్నారు. మీరు సుబ్బాయమ్మ గారింట్లో కూర్చుని మజ్జిగ తాగుతుంటే, అది దొడ్డి దడి కిందనుంచి దూరి కొండబాబు గారింటికి వెళ్లింది. మీరు అక్కడ మజ్జిగ తాగుతుంటే నా దగ్గరికి వచ్చింది. మీరు వీధి గుమ్మంలోంచి, అది దొడ్డి గుమ్మంలోంచి. మీకు పదకొండు గ్లాసులు, దానికి పదకొండు వంటలు. మీరిద్దరూ ఆ రాత్రి ఎలా పడుకున్నారో దేవుడికే తెలుసు.

తూర్పు కొసన కుక్క లావుగా ఉండటానికి కారణం ఇదీ.

నేను మొన్న పదిమందినీ అరుగు మీద కూర్చోబెట్టి లైసెన్సులు వాపసు ఇవ్వమన్నాను. అందరూ సరేనన్నారు. అలా ఇస్తే తప్పుడు దరఖాస్తు పెట్టినట్టు కేసు అవుతుందని కొండబాబు గారికి ఎవరో చెప్పారు. ఎవరూ ఇవ్వలేదు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇన్నేళ్లుగా పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని, ఇప్పుడు ఒక కుక్క కోసం ఆఫీసరుని బతిమాలుతున్నాను. బతిమాలడం నాకు చేతకాదు. అందుకని లెక్క చేసి చూపిస్తాను.

ఈ ఉత్తరం మీకు గురువారం పొద్దున అందుతుంది. అదే పొద్దున బట్టలకి పెట్టే నీలిమందుతో మోషే నుదుట రూపాయి బిళ్లంత బొట్టు పెడతాను. మీరు ఎవరికీ చెప్పకుండా ఆ రోజంతా చూడండి. బొట్టు లేని గోధుమరంగు కుక్క ఒక్కటి ఈ ఊళ్లో కనబడితే నాది అబద్ధం. మీ స్క్వాడుకి నేనే గుమ్మం తీస్తాను.

ఉంటాను,
హన్నా

తా.క.: ఎవరింటికీ వెళ్లి మజ్జిగ తాగకుండా చూడాలి.

*

నేరేడులంక,
27-6-1981

పూజ్యులైన హన్నా టీచరు గారికి సత్యనారాయణమూర్తి నమస్కరించి వ్రాయునది.

అమ్మా,

గురువారం నేను ఎవరింటికీ వెళ్లలేదు. వెళ్లే అవసరం రాలేదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. ఆఫీసు వెనక గదిలో నేను ఒక్కడినే వండుకు తింటాను. నా భార్య టీచరు ఉద్యోగం మీద పెద్దాపురంలో ఉంది. ఇక్కడికి బదిలీ అయి వచ్చి పది నెలలైంది. శనివారం తప్ప రోజూ పన్నెండున్నరకి వెనక వరండాలో ఒక కుక్క వచ్చి కూర్చుంటుంది. దానికి పెరుగన్నం పెడతాను. దాని పేరు సూరి. ఇంటికి రాసే ఉత్తరాలు దానికే ముందు చదివి వినిపిస్తాను. నా సూరికి కూడా ఎడమ చెవి చిరిగే ఉంటుంది. గమనించాను. ఈ ఊళ్లో కుక్కలన్నింటికీ అంతే కదా అనుకున్నాను.

గురువారం పన్నెండున్నరకి సూరి నుదుట నీలం బొట్టుతో వచ్చాడు.

చాలాసేపు నేను అన్నం కలపలేకపోయాను. మర్నాడు పొద్దున స్క్వాడు వచ్చి ఎవర్ని తీసుకుపోయేదో అప్పుడు తెలిసింది. నోటీసు నా చేత్తో రాశాను. అన్నం పెట్టే ప్రతి ఇల్లూ అని రాశాను. అన్నం పెడుతూ దరఖాస్తు పెట్టని ఇల్లు ఊరంతటికీ నాదొక్కటే. మీరంతా నిజం రాసి ఇరుక్కున్నారు, నేను రాయించి తప్పించుకున్నాను. నన్ను క్షమించండి.

లైసెన్సులు రద్దు చేయాలంటే శవాలు కావాలి, అది జరగదు. వేరే దారి వెతికాను. కుక్క రోజూ ఎక్కడ పడుకుంటుందని విచారిస్తే, ఆఫీసు ముందు వరండాలో అని తేలింది. కాబట్టి దాన్ని పంచాయతీ సామాన్ల రిజిస్టరులో ఎక్కించాను. పొడుగు బల్ల తర్వాత, పెట్రోమాక్స్ లైటు కంటే ముందు. పంచాయతీ సామాను తీసేయాలంటే తీర్మానం కావాలి, ముగ్గురు సభ్యుల కమిటీ చూసి పనికిరాదని రాయాలి. కాలు విరిగిన బల్ల తొమ్మిదేళ్లుగా ఆ కమిటీ కోసం ఎదురు చూస్తోంది. కుక్కకి ఆయుష్షు సరిపోతుంది.

మీ పదకొండు లైసెన్సులు చెల్లుతాయి. 'పంచాయతీ సామానుకు అన్నం పెట్టేవారు' అని రాశాను. కేసు ఉండదని కొండబాబు గారికి చెప్పండి. డ్యూటీ గడిలో 'ఆదివారం హన్నా టీచరు గారిని బోదె దాటించుట' అని రాసి సంతకం పెట్టాను.

పదకొండు ఇత్తడి బిళ్లలు వచ్చాయి. పదకొండూ దాని మెడకే కట్టాను. నడిస్తే గలగలమంటున్నాయి. తోక కనబడకపోయినా మీకు వినబడుతుంది.

ఇట్లు,
మీ సత్యనారాయణమూర్తి

తా.క.: నిన్న స్క్వాడు వచ్చింది. రిజిస్టరు చూపించి వెనక్కి పంపుదామని గుమ్మంలో నిలబడ్డాను. నేను నోరు తెరిచేలోగా మన కుక్క జీపు ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. స్క్వాడు పెద్ద యాకోబు గారు దాన్ని ఒళ్లోకి తీసుకుని అన్న మాట ఇది: "ఇది మా కైజరండీ. శనివారం శనివారం కొబ్బరి లారీ ఎక్కి అంబాజీపేట మా ఇంటికి వచ్చేత్తాదండి. మా ఆవిడ చేపల పులుసు పెట్టందే కదలదండి. ఇక్కడేం చేత్తందండి?" ఆయన ఇంకా ఎక్కడా దరఖాస్తు పెట్టలేదట. పన్నెండో బిళ్ల నాకు, పదమూడోది ఆయనకి చేయించమని రాశాను.

రెండో తా.క.: ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. సాయంత్రం నేనే తెచ్చి ఇస్తాను. మజ్జిగ మాత్రం వద్దు.