జాజి లేని సీసా

ప్రియమైన టీచరమ్మకు,

నువ్వడిగిన సెంటు పంపుతున్నాను. అడుగున గంధం, దాని చాటున కాస్త ఊద్, అదే మన అగరు, పైన జాజి. జాజి మాత్రం నీకోసమే కలిపాను. మేం సెంట్లు కలిపే గదిలోకి ఒంటికి ఏ వాసనా పూసుకుని వెళ్లకూడదు కదా, సబ్బు కూడా వాసన లేనిదే. నా వంతు కూడా నువ్వే పూసుకో. పొద్దున ఎలా ఉందో, సాయంత్రానికి ఏం మిగిలిందో రాయి.

నీ ముక్కు

ప్రియమైన ముక్కుగారికి,

మణికట్టుకు ఒక చుక్క రాసుకుని బడికి వెళ్లాను. పొద్దున జాజి, మధ్యాహ్నం గంధం. సాయంత్రం తాళం తీసేసరికి ఊద్ ఒక్కటే మిగిలింది, పని నుంచి వచ్చినప్పటి మీ చొక్కాలా. "ఏంటమ్మా, ఆయనొచ్చారా?" అని తోటి టీచర్లు ఆటపట్టించారు. లేదనడానికి మనసొప్పక నవ్వి ఊరుకున్నాను. ఇల్లు బోసిగా ఉంది. ఇప్పటికీ రెండు గ్లాసులు తీసి, ఒకటి లోపల పెట్టేస్తున్నాను.

మీ టీచరమ్మ

ప్రియమైన టీచరమ్మకు,

జ్వరమొచ్చి తగ్గింది, అందుకే ఆలస్యం. మన సెంటు యజమానికి తెగ నచ్చేసింది. పెద్ద డబ్బా నిండా కలపమన్నాడు. అది కుదిరితే మన ఊళ్లో తెరిచే కొట్టు నాకే అప్పగిస్తాడట. మళ్లీ కలిపిన సీసా పంపుతున్నాను. మొహమాటపడకుండా రాయి. నీ మాట మీదే డబ్బా కలుపుతాను.

నీ ముక్కు

మీకు,

సీసా అందింది. బాగుంది. పరీక్షల పేపర్లతో తీరిక లేదు. ఒళ్లు జాగ్రత్త.

టీచర్

ప్రియమైన టీచరమ్మకు,

డబ్బా మొత్తం పారబోశారు. యజమాని మూత తీసి, "జాజి ఏదయ్యా?" అన్నాడు. జ్వరం తగ్గినప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలియడం లేదు. కాఫీ కూడా వేడినీళ్లలాగే ఉంది. చేతి అలవాటు మీద కలిపాను. జాజి నూనె సారం పోయి ఉందట, నాకెలా తెలుస్తుంది? భయపడతావని నీకు చెప్పలేదు. ఉద్యోగం పోయింది. నీ ముక్కునే నమ్ముకున్నాను. నీకూ తెలియలేదా?

నీవాడు

ప్రియమైన మీకు,

రెండో సీసా మూత తీయగానే తెలిసింది. నాకోసమే కలిపానన్న జాజి లేకపోయేసరికి, మీ మనసులోంచి నన్ను తీసేశారనుకున్నాను. ఈ ఖాళీ ఇంట్లో కూర్చుంటే బుద్ధి ముందు అటే పోతుంది. అడిగితే చులకనైపోతానని "బాగుంది" అని రాసేశాను. మీ నోటికాడి కూడు నేనే తీసేశాను. తిట్టాలనుకుంటే ఎదురుగా కూర్చుని తిట్టండి.

వచ్చేయండి. డాక్టరుకు చూపిద్దాం. మొదటి సీసాలో కొంచెం మిగిల్చాను. రోజూ రాసుకుని మీ పక్కన కూర్చుంటాను. ఇది జాజి, ఇది గంధం అని చెబుతుంటాను, మీకు తెలిసినా తెలియకపోయినా.

స్టేషనుకు అదే పూసుకుని వస్తాను. వాసన పట్టి వెతుక్కోలేరు కదా, చెయ్యి ఊపుతాను. చూసుకోండి.

మీ టీచరమ్మ