బజ్జీల నూనె తిన్న మగ చేపలు

మంగళవారం, రాత్రి

కుడి మణికట్టు వాచింది. అక్షరాలు వంకరగా వస్తున్నాయి.

పొద్దున మా హేచరీలో మగ బొచ్చె చేపల పొట్ట నొక్కితే వీర్యం పాలలా చిక్కగా రాలేదు, పలుచటి నీళ్లు కారాయి. సాయంత్రానికి, దానితో కలిపి తొట్టిలో వేసిన గుడ్లన్నీ తెల్లబడి చచ్చిపోయాయి. ఈ సీజనుకు చేపపిల్లలు లేనట్టే.

అప్పుడు బయటపెట్టాడు మరిది సైదులు. చేపనూనె పిరమని, డబ్బు మిగులుతుందని రెండు నెలలుగా దాణాలో కోదాడ హోటల్ నుంచి తెచ్చిన బజ్జీల మాడు నూనె కలుపుతున్నాడట.

"మంచిగనే బలిసినయి గద వదినా, దున్నపోతుల్లెక్క!" అని నవ్వాడు.

మా ఆయన, తమ్ముడి జుట్టు పట్టి తల తొట్టిలో ముంచాడు. బుడగలు ఆగిపోయినా వదల్లేదు. ఆయన వీపు మీద నేను పిడికిళ్లతో గుద్దితే అప్పుడు వదిలాడు. సైదులు ముక్కు నుంచి రక్తం కారుతుండగా పారిపోయాడు.

ఆయన కోపం చేపల మీదికి మళ్లింది. మగవాటిని గట్టుకు లాగి, గడ్డపారతో తలలు పగలగొట్టాడు.

"బలుపు తప్ప ఏమున్నది వీటికి!"

"మనమేసిన తిండే గద అవి తిన్నది! మంచి నూనె పెడితే మళ్ల సీజనుకు మంచిగైతయి, ఆగయ్యా!"

మిగిలిన రెండింటికి అడ్డం పడ్డాను. గడ్డపార జారి నా చేతికి తగిలింది.

ఇందాక ఆయన తలుపవతల నుంచి "నొస్తున్నదా?" అని అడిగాడు. గడియ తీయలేదు. గడ్డపార నా మంచం కింద ఉంది.

సైదులు ఇంకా ఇంటికి రాలేదు. రాకపోతే భయం. వస్తే…