అప్పజెప్పే వంతు

మార్చి 3, ఆదివారం

కరపత్రాలు రాసీ రాసీ వేలు కాయ కాసింది. రెండు వీధులు కలవలేదు సరికదా, తగలబడ్డాయి. అందుకే ఈ రోజు అక్క టైలరింగ్ షాపులో, బట్టలు కత్తిరించే బల్ల చుట్టూ, పై వీధి నుంచి నలుగురిని, మా కింది వీధి నుంచి నలుగురిని కూర్చోబెట్టాను. మా నీళ్ళ పైపు వాల్వ్ పై వీధిలో ఉంది. నాలుగు నెలల కిందట వాళ్ళ పెద్దలు దాన్ని బిగించేశారు. ఈ బల్ల దగ్గర తెగకపోతే మళ్ళీ రాళ్ళే.

రూల్ నేనే పెట్టాను. ముందు మాట్లాడినవాళ్ళ మాట అప్పజెప్పి, వాళ్ళు సరే అన్నాకే మన మాట ఎత్తాలి.

వీధుల శాంతి తర్వాత, ముందు నాతో వాదించకుండా ఒక్క పూట అన్నం తినరా అంది అక్క.

మార్చి 10

పై వీధి రిటైర్డ్ హెడ్మాస్టర్ మాటని మా ప్లంబర్ మూడుసార్లు తప్పు అప్పజెప్పాడు. బెంచీ ఎక్కమంటారా మాస్టారూ అని అడిగాడు. రెండు వీధులూ ఒక్కసారే నవ్వాయి. రోజూ వాల్వ్ తిప్పించి గంటసేపు నీళ్ళు వదిలించే పూచీ నాది అన్నాడు హెడ్మాస్టర్. వచ్చే వారం సంతకాలు.

నేను గెలిచాననే అనుకుంటున్నాను.

మార్చి 17

పై వీధి వెల్డర్ భార్య మొదటిసారి నోరు విప్పింది. అదీ నావైపు తిరిగి.

'పై వీధి కొట్లు ఎక్కొద్దు' అన్న నా కరపత్రాన్ని ఆమె భర్త చదివి, ఇందులో న్యాయముంది అన్నాడట. మా తరఫున వాళ్ళ పెద్దలతో గొడవపడ్డాడట. మూడో రోజు అదే కాగితం చేత్తో పట్టుకుని మావాళ్ళు వచ్చి ఆయన షాపుకే నిప్పు పెట్టారు. మిషన్ బయటికి లాగబోయి రెండు చేతులూ కాల్చుకున్నాడు.

నేను నడిపించేవాణ్ణి, నాకు వంతు లేదు అన్నాను. మా ప్లంబరే తల దించుకున్నాడు. సరేనని మొదలుపెట్టాను. నీళ్ళు ఆపింది ఎవరు? దాహంతో ఉన్నవాడు అరవకూడదా? అగ్గిపుల్ల గీసింది నేనా? ఇరవై నిమిషాలు. ఒక్క పాయింటు వదల్లేదు.

ఆమె అంతా విని, "కరపత్రం గారూ, మీ మాట నేను అడగలేదండీ. నా మాట చెప్పండి" అంది.

రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ సగంలో నా వాదన వచ్చి కూర్చుంది. ఆమె లేచింది. ఆమె వెనకే పై వీధి మిగతా ముగ్గురూ లేచారు.

సంతకాలు కాలేదు.

మార్చి 18

నేను రాసినదాంట్లో ఒక్క అబద్ధం చూపించండి.

మార్చి 20, మధ్యాహ్నం

వాల్వ్ దగ్గర తోపులాట. మా వీధి ముసలామెకు మోచెయ్యి విరిగింది. ఆదివారం గట్టిగా తేల్చుకుంటామని రెండు వైపులా అంటున్నారు.

అక్క పై వీధికి వెళ్ళి వెల్డర్ భార్యను బతిమాలి వచ్చింది. ఇంకొక్కసారి వస్తుందట. తప్పు ఒప్పుకోమని ఎవరూ అనలేదురా, విన్నావో లేదో చెప్పమంది, అంతే అంది అక్క. విని ఊరుకుంటే ఒప్పుకున్నట్టే కదా అన్నాను. అక్క మిషన్ తొక్కుకుంటూ కూర్చుంది.

శాంతి అంటే నోరు మూసుకోవడం అనేవాళ్ళంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. నీళ్ళు ఆపినవాడూ నీళ్ళకోసం అరిచినవాడూ ఒకటే అంటే చచ్చినా ఒప్పుకోను.

ఆ వెల్డర్ నీళ్ళు ఆపలేదు. ఈ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది.

మార్చి 24, సాయంత్రం 4

నా భర్త మీ కాగితం చదివి, ఇందులో న్యాయముంది అన్నాడు. మీకోసం మావాళ్ళతో గొడవపడ్డాడు. మూడో రోజు అదే కాగితం పట్టుకొచ్చి మీవాళ్ళు మా షాపు కాల్చారు. మిషన్ లాగబోయి చేతులు కాల్చుకున్నాడు.

ఇంతే అప్పజెప్పాను. సరే అంది. ఇక మీరు చెప్పండి అంది.

నా వంతు ప్లంబర్‌కి ఇచ్చేశాను. రేపు వాల్వ్ ఎన్నింటికి తిప్పుదాం మాస్టారూ అని అడిగాడు.