గేటు వదలకు

నవంబర్ 3, శనివారం

పద్నాలుగు! నిన్నటి ఫుట్‌బాల్ ఆటలో ఇంకో సాక్. బంతి విసిరేలోపే అవతలి జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం ఈ సీజన్‌లో నాకిది పద్నాలుగోసారి. మేం బరువులెత్తే వెయిట్ రూమ్‌లో బోర్డు మీద 1991 నుంచి ఉన్న స్కూల్ రికార్డూ పద్నాలుగే. దాని పక్కనున్న పేరు మా నాన్నది. ఇంకొక్కటి పడితే అక్కడ నా పేరు, ‘వేలన్ స్ట్రూడ్’ అని రాస్తారు.

మిగిలింది ఒక్క ఆట. వచ్చే శుక్రవారం, మా ఊళ్లోనే, క్రేన్ బ్లఫ్‌తో. గెలిస్తే ప్లేఆఫ్స్ (వాటిలో పడేవి రికార్డు లెక్కలోకి రావు), ఓడితే హెల్మెట్లు తిరిగి ఇచ్చేయడమే.

నాన్నతో అంటే, ముందు ఆ ఒక్కటీ పట్టుకొచ్చి మాట్లాడరా అన్నాడు. మురిసిపోతున్నాడో ఉడుక్కుంటున్నాడో ఆ మీసం వెనక ఏమీ కనబడదు.

నవంబర్ 4, ఆదివారం

చర్చి నుంచి నేరుగా అవతలివాళ్ల పాత ఆటల ఫిల్మ్ చూడటానికి వెళ్లాం. క్రేన్ బ్లఫ్ క్వార్టర్‌బ్యాక్ పాలిన్ బంతి విసిరేది తక్కువ, పరిగెత్తేది ఎక్కువ. పట్టుకోబోయినవాళ్లంతా గాలిని కౌగిలించుకుని నేల మీద పడుతున్నారు. మేం నవ్వాం. కోచ్ హోల్కమ్ నవ్వలేదు.

ఇరవై ఏళ్లుగా మీదపడండిరా అని అరిచిన నోటితోనే చెబుతున్నా, ఈ వారం ఎవరూ మీదపడొద్దు అన్నాడు. మా ముందు వరుస చివర్లలో ఉండే ఇద్దరం, అంటే నేనూ డాబ్సూ, పాలిన్‌ను పట్టుకోవడానికి లోపలికి దూకకూడదట. పక్క దారులు మూసి నిలబడాలట. రూబెన్ మధ్యలో ఉండి, పాలిన్ ఎటు కదిలితే అటు కదలాలట. వెనక ఉన్నవాళ్లు అవతలి మనిషి వెంట పరిగెడితే వీపు బంతివైపు తిరుగుతుంది కాబట్టి, మనిషిని వదిలి చోటును కాయాలట.

నిలబడితే సాక్ ఎలా వస్తుంది?

నవంబర్ 5, సోమవారం

ప్రతి వారం ప్రాక్టీసులో మాలో ఒకడు అవతలి క్వార్టర్‌బ్యాక్ వేషం కడతాడు. పాలిన్ వేషానికి సరిపడే కాళ్లు మా జట్టులో ఎవరికీ లేవు. కోచ్ పోయి రూబెన్ చెల్లెలు మారిసెలాను పిలుచుకొచ్చాడు. రెండొందల మీటర్ల పరుగులో జిల్లా ఛాంపియన్. నడుముకు రెండు గుడ్డ పీలికలు కట్టారు. పీలిక లాగితే పడగొట్టినట్టే.

పదకొండుసార్లు వెంటపడ్డాను. ఒక్క పీలికా దొరకలేదు.

చివర్లో మారిసెలా వచ్చి, థాంక్స్ వేలన్, నువ్వు లేకపోతే నాకు దారే దొరికేది కాదు అంది. నేను లోపలికి దూకగానే ఖాళీ అయ్యే చోటులోంచే ప్రతిసారీ బయటికి పోయిందట. రూబెన్ గడ్డి మీద దొర్లి నవ్వాడు.

నవంబర్ 6, మంగళవారం

ఇవాళా సున్నా. మారిసెలా ఈల వేసుకుంటూ ఇంటికి పోయింది.

నవంబర్ 7, బుధవారం

కోచ్‌తో వాదించాను. మరి నా రికార్డో అంటే, రికార్డు కావాలా, ఇంకో వారం ఆట కావాలా అన్నాడు. రెండూ అన్నాను. గ్రౌండ్ చుట్టూ నాలుగుసార్లు పరిగెత్తించాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న దూడలను దొడ్లోకి తోలుతున్నాడు. నన్ను బయటివైపు తెరిచున్న గేటు దగ్గర నిలబెట్టాడు. ఒకటి నా దగ్గరగా వచ్చింది. చెవి బిళ్ల మీద నంబరు నాన్న చేతిరాత, ఎప్పటిలాగే తల మూయని ‘4’. అందుతుందనిపించి దూకాను. అది నా వెనకనుంచి గేటు దాటి మాయం. మిగతా వెలుతురంతా దాన్ని వెతకడానికే సరిపోయింది.

నాన్నకు కోపం రాలేదు సరికదా, కంచె పట్టుకుని నవ్వాడు. నువ్వు పరిగెత్తక్కర్లేదురా, నువ్వక్కడున్నావని దూడకు తెలిస్తే చాలు, అదే లోపలికి తిరుగుతుంది అన్నాడు. నేనే రాత్రి భోజనం దాకా అలిగి కూర్చున్నాను.

నవంబర్ 8, గురువారం

నిలబడ్డాను! మారిసెలా నావైపు రెండడుగులు వేసింది, నన్ను చూసింది, లోపలికి తిరిగింది. అక్కడ వాళ్లన్నయ్య రెండు పీలికలూ లాగేశాడు. ఇంటికి రా నీ సంగతి చెప్తా అని వాడిమీద అరిచింది. నా వంక చూసి, ఎట్టకేలకు బుర్ర వచ్చిందిరా నీకు అంది.

ఇంత సంతోషం ఎందుకో తెలియదు. నేను పట్టుకున్నది ఏమీ లేదు.

నవంబర్ 10, శనివారం, ఉదయం 6

20–17. గెలిచాం, గెలిచాం, గెలిచాం!

ఆఖరి నిమిషంలో బంతి వాళ్లది. నాలుగో ప్రయత్నం, అదే ఆఖరిది; ఇంకో మూడు గజాలు ముందుకొస్తే బంతి వాళ్ల దగ్గరే ఉంటుంది. పాలిన్ వెనక్కి అడుగేశాడు. నన్ను అడ్డుకోవాల్సినవాడు కాలు జారి పడ్డాడు. నాకూ పాలిన్‌కూ మధ్య ఎవరూ లేరు. పదిహేనోది ఎదురుగా నిలబడి ఉంది. ఒళ్లంతా ముందుకే లాగింది. నాకు ఏడుపొచ్చింది, నిజం.

గేటు వదల్లేదు.

పాలిన్ నన్ను చూశాడు. లోపలికి తిరిగాడు. రూబెన్ వాణ్ణి నడుం పట్టి నేలకేశాడు. సాక్ రూబెన్ పేరున పడింది. అది వాడి జీవితంలో రెండోది! నన్ను ఎత్తుకుని తిప్పాడు.

నాన్న పదకొండేళ్లుగా మా గ్రౌండ్‌లో గజాలు కొలిచే గొలుసు పట్టుకుంటాడు. గొలుసు పట్టినవాడు ఏ జట్టుకూ చప్పట్లు కొట్టకూడదు. నిన్న ఆ గొలుసు కర్ర అవతల పారేసి, టోపీ ఎగరేసి, గంతులేశాడు. రిఫరీ తిడితే, జీతం కోసుకోమన్నాడట. ఆ పనికి జీతం లేదు.

నవంబర్ 12, సోమవారం

బోర్డు మీద నాన్న పేరు అలాగే ఉంది. కింద తెల్ల టేపు ముక్క మీద ఎవరో రాశారు: వేలన్ స్ట్రూడ్, నిలబడ్డది 41 సార్లు. ఆ ‘4’కు తల మూయలేదు.