నా మెడ, నీ ప్రమాణం

తిరుపతి,
20 జూలై 2025.

చిరంజీవి దొరస్వామికి,

ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. నా మెడ నాకన్నా క్షేమం. ఐరాలలో మీరంతా బాగున్నారని తలుస్తాను.

నిన్న మీ ఆవిడ రేవతి ఫోన్ చేసింది. "సార్, మే నెల్లో మీ కారును ఎనకనించి గుద్దినప్పట్నించీ ఈయప్ప వ్యాను ముట్టల్యా. తప్పు నాదే, ఇంక స్టీరింగు పట్టనని కాణిపాకంలో ప్రమాణం జేసొచ్చినాడు. వ్యానులో కోళ్ళు గుడ్లు పెడతా ఉండాయి. మీరన్నా జెప్పండి" అంది. నీకు ఫోన్ చేస్తే "తప్పయిపాయ సార్" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి ఎముకకు ఏమీ కాలేదన్నాడు. గుద్దిన ఊపుకు తల ముందుకూ వెనక్కీ ఊగి కండరాలు పట్టేశాయట. రెండు వారాలు మెడపట్టీ వేసుకున్నా మెడ తిరగలేదు. వీధిలో ఎవరైనా పిలిస్తే బస్సులా మొత్తం తిరిగేవాణ్ణి.

ఆయనే కైరోప్రాక్టిక్ చేసే జెస్సీ దగ్గరికి పంపాడు. చేతులతోనే మెడను సరిచేసే వైద్యం. సూది లేదు, పుత్తూరు కట్టూ లేదు. చిన్నపిల్లే కానీ మాట కరుకు. "మెడ నాకిచ్చేయండి సార్. మీరే గట్టిగా పట్టుకోనుంటే నేనేం జేసేది?" అంది. వదిలాను. టక్కుమంది. బయట కూర్చున్న సుబ్బులమ్మ అనే పెద్దావిడ "అయ్యో, సార్ మెడ ఇరిచేసిందమ్మా!" అని చెప్పులు వదిలేసి పరుగెత్తింది. ఆవిడ మోకాళ్ళ నొప్పితో వచ్చిన మనిషి.

ఇంట్లో రోజూ వ్యాయామం గుర్తుచేసేవాళ్ళు ఎవరున్నారని జెస్సీ అడిగింది. గోడగడియారం ఉందన్నాను. ఆరు వారాలు వెళ్ళాను. ఇప్పుడు మెడ రెండు వైపులా తిరుగుతోంది. మొన్న కారును రివర్సులో వీధిలోకి తీశాను.

నీలం మామిడిపండ్లు ఇక పంపకు. ఈసారి షుగరు డాక్టరు దగ్గరికి పోవాల్సి వస్తుంది. వ్యాను బయటికి తియ్యి.

ఇట్లు,
గిరిప్రసాద్.

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఆ రోజు కుక్క అడ్డం వస్తే బ్రేకు వేశానని నీకూ, గుమిగూడిన వాళ్ళకూ చెప్పాను. ఏ కుక్కా రాలేదు. బస్టాపులో ఒకావిడ కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టి, బస్సు కోసం రోడ్డు మీదికి తొంగిచూస్తోంది. నా భార్య నిర్మల అలాగే చూసేది. ఆమె పోయి అప్పటికి నాలుగు నెలలు. అయినా ఎక్కించుకోవాలని నడిరోడ్డులో బ్రేకు నొక్కాను.

తప్పు నాది, దొరస్వామీ. చెయ్యని తప్పుకు నువ్వు ప్రమాణం చేశావు. వచ్చే ఆదివారం ఐరాలకు వస్తాను. దేవుడి ముందు ఈ మాట నేనే చెప్పుకుంటాను. కాణిపాకం దాకా నువ్వే వ్యాను నడపాలి. నేను నీ పక్కనే కూర్చుంటాను.